భరతుడు అడగని ప్రశ్న

 

ఈ వారం వీడియోలో భరతుడు చిత్రకూటానికి వెళ్ళిన ఘట్టం చెప్పుకున్నాం. చివర్లో రాముడు తమ్ముడితో అనే ఒక మాట దగ్గర నా గొంతు పట్టేసింది. ఎడిటింగ్‌లో ఆ ముక్క తీసేశాను. ఆ మాటేంటో, నాకెందుకు అలా అయిందో ఇక్కడ రాస్తున్నా. ఇది మా ఇంటి సంగతే. కానీ అన్నో, అక్కో, చెల్లెలో పరాయి దేశంలో ఉన్న చాలా ఇళ్ళలో ఇలాంటిదొకటి ఉంటుంది.

మాది పాతబస్తీ, లాల్ దర్వాజ. సింహవాహిని మహంకాళి అమ్మవారి గుడి మా ఇంటికి ఐదు నిమిషాల నడక. నాయిన పత్తర్‌గట్టీలో ముత్యాల దండలు గుచ్చేవాడు. పేరుకి హైదరాబాద్ ముత్యాలే గానీ, ఇప్పుడు ఇక్కడికొచ్చే మంచినీటి ముత్యాల్లో ఎక్కువ భాగం చైనావే. ఆ వ్యాపారం పట్టుకునే మా అన్న గ్వాంగ్‌జౌ వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. దక్షిణ చైనాలో, కోటీ ఎనభై లక్షల జనం దాటిన మహానగరం అది.

2021 ఏప్రిల్ చివర్లో, కరోనా సెకండ్ వేవ్‌లో, నాయిన పోయాడు.

అన్న రాలేకపోయాడు. రెండు దేశాల మధ్య నేరుగా విమానాలు లేవు. ఇండియా నుంచి వెళ్ళే విదేశీయులకు చైనా తలుపులు మూసేసింది. ఎలాగో ఇక్కడికొస్తే తిరిగి ఎప్పుడు వెళ్తాడో ఎవరికీ తెలియదు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినా, పురానాపూల్ శ్మశానంలో నిలబడ్డప్పుడు నా మనసులో ఒక్కటే మాట తిరుగుతోంది: పెద్దకొడుకు పెట్టాల్సిన కొరివి నేను పెడుతున్నా.

మా బాబాయి కొడుకు ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. వీడియో కాల్‌లో అన్న ఏడుస్తున్నాడు. నేను అటు తిరిగి, "బంద్ చెయ్యి" అన్నాను. వాడు బంద్ చేశాడు.

ఈ మాట నేనెవరికీ చెప్పలేదు. మైకు ముందు కూర్చుని అన్నదమ్ముల ప్రేమ గురించి గంటలు గంటలు మాట్లాడినవాణ్ణి, మా అన్నకు నాయిన ఆఖరి చూపు లేకుండా చేశాను.

2023 జనవరిలో చైనా సరిహద్దులు తెరిచింది. ఆ ఏడాదే అన్న వచ్చాడు. నాయిన ఫోటో ముందు చాలాసేపు కూర్చున్నాడు. నేను పని ఉందని బయటికెళ్ళిపోయా. నాలుగు రోజులుండి వెళ్ళాడు. మా ఇద్దరి మధ్య "తిన్నవా", "తిన్న" తప్ప మాటల్లేవు.

2025 అక్టోబరులో కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకి నేరుగా విమానాలు మళ్ళీ మొదలయ్యాయి. అప్పటి నుంచి అమ్మ ఒకటే పోరు. "నువ్వు పొయ్యి వాణ్ణి తోలుకరా. ఇద్దరూ నా కళ్ళ ముందర ఉండాలె." సరే అని బయల్దేరా. తీసుకొస్తానన్న నమ్మకం లేదు. కడుపులో ఉన్నదంతా కక్కేసి రావాలని మాత్రం గట్టిగా ఉంది.

అమ్మ పచ్చళ్ళతో పాటు ఒక డబ్బా కర్పూరం కూడా పెట్టింది. అది మండే పదార్థం, విమానంలో తీసుకెళ్ళనివ్వరు. తీసి గూట్లో పెట్టేసి వెళ్ళా.

గ్వాంగ్‌జౌలో అన్న నన్ను ముందు తీసుకెళ్ళింది మేడల దగ్గరికి కాదు, ఒక పార్కుకి. అక్కడొక పెద్ద చెట్టు ఆకు తుంచి, నలిపి, నా ముక్కు దగ్గర పెట్టాడు. కళ్ళు మూసుకుంటే మన గుడిలో హారతి పళ్ళెం! కర్పూరం చెట్టు అది. ఇది కొత్త బంధమేమీ కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకు అభయ శాసనం వేయించాడు. తుఫానుకి ఓడ పగిలితే అందులోని సరుకు పాతకాలం రాజుల్లాగా లాక్కోం, మామూలు సుంకం మాత్రమే తీసుకుంటాం అని మాటిచ్చాడు. సుంకం వేసిన సరుకుల్లో చీని కర్పూరం ఉంది, ముత్యాలూ ఉన్నాయి. మన దేవుడి ముందు వెలిగే హారతి కోసం ఎవరో ఒకరు ఎప్పుడూ సముద్రం దాటుతూనే ఉన్నారు.

నేను వెళ్ళింది చింగ్‌మింగ్ రోజుల్లో. ఏటా ఏప్రిల్ 4 లేదా 5న వస్తుంది. ఆ రోజు చైనా వాళ్ళు పెద్దల సమాధుల దగ్గరికి వెళ్ళి, ఊడ్చి, శుభ్రం చేసి, పూలూ పళ్ళూ పెట్టి, అగరొత్తులు వెలిగిస్తారు. పాత వీధుల్లో గుమ్మాల పక్కన నేల మీద చిన్న చిన్న అగరొత్తుల గూళ్ళు చూశాను. మన పాతబస్తీ గడపల పసుపు గుర్తొచ్చింది.

ఆ రాత్రి అన్న నన్ను నది ఒడ్డుకి తీసుకెళ్ళాడు. ఆ నది పేరు జూజియాంగ్. అంటే ముత్యాల నది. అక్కడ కూర్చున్నాక అన్నే మొదలుపెట్టాడు.

"తమ్మీ, ఆ రోజు ఫోన్ బంద్ అయినంక ఈడికే వచ్చిన. నల్ల నువ్వులు ఈడ అన్ని దుకాణాల్ల దొరుకుతయ్, పాయసం లెక్క చేసుకొని తింటరు వీళ్ళు. గవి కొన్న. మంత్రం రాదు. గోత్రం చెప్పిన, నాయిన పేరు చెప్పిన, మూడు దోసిళ్ళు నీళ్ళు ఇడ్సిన. ఇంటికి పొయ్యి రైస్ కుక్కర్‌ల అన్నం వండి ముద్ద పెట్టిన. ఏటా గట్లనే చేస్తున్న. నువ్వు పురాణాలు చెప్తవ్ గద, చెప్పు. అది నాయినకు ముట్టిందంటవా?"

చూడండి, నేను అడగాల్సినవన్నీ లోపల కట్టలు కట్టుకుని వెళ్ళాను. అన్న నన్నే ప్రశ్న అడిగాడు. దానికి జవాబు నాకు తెలుసు. వాల్మీకి చెప్పాడు.

దశరథుడికి నలుగురు కొడుకులు. ప్రాణం పోయేటప్పుడు ఒక్కడు కూడా పక్కన లేడు. రామలక్ష్మణులు అడవిలో, భరత శత్రుఘ్నులు కేకయ దేశంలో. కొడుకు వచ్చేదాకా శరీరాన్ని నూనె తొట్టిలో ఉంచారు. భరతుడు ఏడు రాత్రులు ప్రయాణం చేసి వచ్చి, పెద్దకొడుకు చేయాల్సిన పని తాను చేశాడు. తర్వాత చిత్రకూటానికి వెళ్ళి అన్నకి కబురు చెప్పాడు. రాముడు మూర్ఛపోయాడు. లేచి మందాకినిలో దిగి, దక్షిణం వైపు తిరిగి నీళ్ళు వదిలాడు. పిండానికి బియ్యం లేదు. ఇంగుదీ పిండి, అంటే మన గార చెట్టు కాయల పిండి, రేగుపళ్ళతో కలిపి దర్భల మీద పెట్టాడు. మేమిప్పుడు తింటున్నది ఇదే, నువ్వూ ఇదే తీసుకో నాన్నా అన్నాడు. చక్రవర్తికి గార పిండి! అది చూసి కౌసల్య గుండె పగిలింది. కానీ ఆ పిండం దశరథుడికి చేరలేదని మన పెద్దలెవరూ ఏనాడూ అనలేదు.

ఇదంతా అన్నకి చెప్పి, "ముట్టింది అన్నా" అన్నాను.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "నువ్వు అదృష్టవంతునివిర తమ్మీ. నాయినను నీ చేతులతోని సాగనంపినవ్."

నా గొంతు పట్టేసిన మాట ఇదే. తండ్రి పోయాడని విన్న రాముడు భరతుడితో అన్నదీ ఇదే: నాన్నకి అన్ని కర్మలూ చేయగలిగావు, నువ్వు ధన్యుడివి, నేను ఆ పాటి కూడా చేయలేకపోయాను అని. ఈ ఘట్టం నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఒక్కసారి కూడా నా గురించి అనుకోలేదు. ఐదేళ్ళుగా అన్న తప్పించుకున్నాడు, బరువంతా నా మీద పడింది అనుకుంటూ ఉన్నాను. కానీ నాయిన నుదుటి మీద చెయ్యి పెట్టింది నేను. ఆ భాగ్యం దొరికింది నాకు. అన్నకి దొరికింది ఆగిపోయిన ఫోన్ తెర.

"నేనే బంద్ చెయ్యమన్న అన్నా" అన్నాను.

"ఎర్కనే" అన్నాడు. "నీ గొంతు ఇనబడ్డది."

ఐదేళ్ళుగా తెలిసీ ఒక్క మాట అనలేదు.

భరతుడు కూడా అన్నని వెనక్కి తీసుకురావడానికే వెళ్ళాడు. ఎంత బతిమాలినా రాముడు రాలేదు. అయినా భరతుడు ఓడిపోయి రాలేదు, పాదుకలు నెత్తిన పెట్టుకుని వచ్చాడు. అక్కడికెళ్ళి "నాన్న పోయేటప్పుడు నువ్వెందుకు లేవు" అని ఒక్కసారి కూడా అడగలేదు. దగ్గరున్నవాడు దూరమున్నవాణ్ణి అడగకూడని ప్రశ్న అది. దూరమున్నవాడు ఎలాగూ రోజూ తనని తాను అడుగుకుంటూనే ఉంటాడు.

అన్న నాతో రాలేదు. పని అక్కడ, పిల్లల చదువులు అక్కడ. అమ్మకి ఆ మాట చెప్పినప్పుడు కష్టంగానే ఉంది. కానీ ఈసారి నాయిన తద్దినానికి నేనే ఫోన్ స్టాండ్ మీద పెట్టాను. వాళ్ళ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. అన్న సెలవు పెట్టి, స్నానం చేసి, నల్ల నువ్వులు పట్టుకుని కూర్చున్నాడు. అయ్యగారు చెప్తుంటే ఇక్కడ నేను నీళ్ళు వదిలాను, అక్కడ అన్న వదిలాడు. ఎవరెవరు ఏది చేయాలో మీ ఇంటి ఆచారం ప్రకారం మీ పురోహితుల్ని అడగండి, అది ఇంటింటికీ మారుతుంది.

ఫ్రెండ్స్, మీలో కొందరు ఇక్కడుండి అమ్మానాన్నల్ని చూసుకుంటున్నారు. ఆస్పత్రులు, బిల్లులు, రాత్రి మెలకువలు, అన్నీ మీ మీదే. కష్టమే, కాదనను. కానీ దాన్ని అన్నదమ్ముల మీద అప్పులా రాసుకోకండి. ఇంకొందరు దూరంగా ఉండి ఇది చదువుతున్నారు. మీరు వదిలిన మూడు దోసిళ్ళూ చేరతాయి, అనుమానం పెట్టుకోకండి.

మాటలు ఆగిపోయిన అన్నో, అక్కో ఉంటే ఈ వారం ఒక్క కాల్ చేయండి. వెళ్ళగలిగితే వెళ్ళండి. వెనక్కి తీసుకురావాలని కాదు, ఊరికే పక్కన కూర్చోడానికి.

శ్రీరామరక్ష. వచ్చే వారం నందిగ్రామంలో కలుద్దాం.