చక్రం పైన ఖాళీ

మన డబ్బు పెట్టి కొనుక్కున్న వస్తువుని మన ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చా? "భేషుగ్గా మార్చుకోవచ్చు, ఇందులో అడగడానికేముంది?" అంటారు మీరు. మొన్నమొన్నటి దాకా నేనూ అలాగే అనేదాన్ని. మా అక్క కొడుకు కారు ఎక్కాక కాస్త ఆలోచనలో పడ్డాను.

వాడికి ఇరవై ఏడేళ్లు. కార్లంటే ప్రాణం. ఉద్యోగంలో చేరిన మూడో ఏట ఎవరి దగ్గరో సెకండ్‌హాండ్‌లో పోలో జీటీ కొన్నాడు. చూడ్డానికి చిన్న కారే గానీ పరుగు కోసం పుట్టిన రకమట. 1,200 సీసీ ఇంజనులోంచి 105 గుర్రాల శక్తి లాగుతుందట. 2013లో మన దేశంలోకి వచ్చింది. 2022లో ఇక్కడ పోలో అమ్మకాలే ఆగిపోయాయి. అంచేత ఉన్నవాళ్లు దాన్ని అమ్మమ్మ పట్టుచీరలా చూసుకుంటారు.

"పుట్టినరోజుకి ఏం కావాలిరా?" అని అడిగితే, "చక్రాలు పిన్నీ!" అన్నాడు. నవ్వొచ్చింది. చిన్నప్పుడు వాడికి మూడు చక్రాల సైకిలు కొనిచ్చిందీ నేనే. పాతికవేలు చేతిలో పెట్టాను. మిగతాది వాడు వేసుకున్నాడు. "మా పిన్ని ఎంత మోడర్నో!" అని స్నేహితులతో అంటుంటే, చెప్పొద్దూ, లోలోపల పొంగిపోయాను.

ఆ సాయంత్రం వాడు కాగితం మీద బొమ్మ వేసి మరీ నాకు పాఠం చెప్పాడు. టైరు పక్కన అంకెలుంటాయి చూశారా, నేనేనాడూ వాటిని చదవలేదు. వాడి పాత టైరు మీద 185, 60, 15 అని ఉంది. మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది, ఆ వెడల్పులో నూటికి ఎన్నో వంతు రబ్బరు గోడ ఎత్తు. మూడోది రిమ్ము కొలత, అంగుళాల్లో. లెక్క కడితే గోడ 111 మిల్లీమీటర్లు. కొత్త టైరు 215, 40, 17. దాని గోడ 86 మిల్లీమీటర్లే. రిమ్ము పెరిగింది, రబ్బరు తగ్గింది. చిత్రమేమిటంటే, మొత్తం చక్రం ఎత్తు మాత్రం రెండింటికీ ఇంచుమించు ఒకటే, 603 మిల్లీమీటర్లు. అందువల్ల స్పీడు చూపించే ముల్లు అబద్ధం చెప్పదట!

అంతటితో ఆగలేదు. చక్రానికీ, దాని పైన మడ్‌గార్డు వంపుకీ మధ్య నా నాలుగు వేళ్లూ పట్టే ఖాళీ ఉండేది. "చూడు పిన్నీ, పొట్టి పంట్లాం వేసుకున్నట్టు ఎంత అసహ్యంగా ఉందో!" అన్నాడు. స్ప్రింగులు తీయించి, పొట్టివీ గట్టివీ వేయించాడు. కారు 35 మిల్లీమీటర్లు కిందికి దిగింది.

ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించి నన్ను తిప్పుకొచ్చాడు. నిజం చెప్పాలి గదా, బ్రహ్మాండంగా ఉంది. రోడ్డు పైకెక్కే వంపులో మామూలు కారు పక్కకి ఒరుగుతుంది, మనమూ ఒరుగుతాం. ఇది ఒరగలేదు. బరువు నేలకి దగ్గరయింది, స్ప్రింగులు గట్టిపడ్డాయి, రోడ్డుని చేత్తో తడుముతున్నట్టుగా పోయింది. వాడి మొహం చూశాను. నవల చివరి పేజీ రాసి కలం మూసినప్పుడు నా మొహమూ అలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. కారు తయారుచేసేవాడు లక్షమందిని మనసులో పెట్టుకుని చేస్తాడు. రెడీమేడ్ జాకెట్టుని దర్జీకిచ్చి మన ఒంటికి సరిచేయించుకోమూ? ఇదీ అంతే కదా అనిపించింది.

ఇక మా అమ్మ సంగతి చెప్పాలి.

అమ్మకి డెబ్బై ఆరేళ్లు. నాచారంలో అక్క దగ్గరే ఉంటుంది. ఏడాదిన్నర కిందట స్నానాలగదిలో జారిపడితే, గుల్లబారిన వెన్నుపూస ఒకటి నొక్కుకుపోయింది. మూడు నెలలు నడుంపట్టీతో మంచం మీదే. ఇప్పుడు లేచి తిరుగుతోంది. రెండు నెలలకోసారి సికిందరాబాదులో డాక్టరుకి చూపించాలి. ఆ శనివారం మనవడిదే వంతు. ఇంకొకరిని వెళ్లనివ్వడు. హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ దాటేసరికి ముప్పావుగంట. ఆ ముప్పావుగంటా అమ్మ వాడికి తన పెళ్లి దగ్గర్నించి మొదలుపెట్టి చెబుతుంది. చెప్పిందే చెబుతుంది. వాడు విన్నదే వింటాడు.

కారు దించిన తర్వాత మొదటిసారి నేనూ వెళ్లాను, వెనకసీట్లో. స్పీడు బ్రేకరు ఎలా కట్టాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారు కొలతలు రాసిపెట్టారు. 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తుకి, మెల్లగా లేచి మెల్లగా దిగాలి. కానీ కాలనీవాళ్లు రాత్రికి రాత్రి పోసిన సిమెంటు దిమ్మకి ఆ పుస్తకం ఎవరు చదివి వినిపిస్తారు? వాడు పాపం నత్తనడక నడిపించాడు. అయినా ప్రతి గతుకూ కింద సుత్తితో కొట్టినట్టే ఉంది. అమ్మ తలుపు పైనున్న పిడి ఎడంచేత్తో పట్టుకుంది. ఒక్కో గతుక్కీ ఆ చేతి మీద నరాలు లేచి కనబడుతున్నాయి. ఆవేళ పెళ్లి కథ తాళి కట్టేదాకా కూడా రాలేదు.

"ఎలా ఉంది అమ్మమ్మా కారు?" అన్నాడు వాడు దిగేటప్పుడు.

"బంగారంలా ఉంది నాన్నా!"

రెండోసారి, శాలువా కింద దిండు మడిచి పెట్టుకుని వచ్చి కూర్చుందట. వాడు ఆ దిండు చూశాడు. చూసి ఊరుకోలేదు, మంచి పిల్లవాడు. మూడోసారి ఆవిడకి క్యాబ్ బుక్ చేసి, తను తన కారులో వెనకాలే వెళ్లాడు. అందరికీ సుఖంగా ఉండే ఏర్పాటే. నేను ఫోను చేసి "ఎలా వెళ్లొచ్చావమ్మా?" అంటే, "సుఖంగానే వెళ్లొచ్చాను. సీటు మెత్తగా ఉంది. ఆ అబ్బాయికి తెలుగు రాదు" అంది.

ఆ చివరి మాట నన్ను రాత్రంతా పట్టుకుంది.

మర్నాడు వాడితో అన్నాను. ముందు చట్టం ఎత్తాను, పెద్దవాళ్లకి అదొక ధైర్యం! తయారుచేసినవారు చెప్పిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, ఒక్కో మార్పుకి ఐదువేల రూపాయల జరిమానా, లేదా ఆరునెలల దాకా జైలు, లేదా రెండూ అన్నారు. "అందరూ చేయిస్తున్నారు పిన్నీ! జర్మనీలో అయితే ఇలాంటి మార్పుల్ని నిపుణుడు పరీక్షించి బండి కాగితాల్లో రాసిస్తాడు, తెలుసా?" అన్నాడు. వాడి మాటలోనూ న్యాయం లేకపోలేదు. అయినా ఒకటి గమనించాను. చట్టం బండిని చూస్తుంది, జర్మనీ నిపుణుడూ బండినే చూస్తాడు. పక్కసీట్లో పిడి పట్టుకున్న చేతిని చూసే సెక్షన్ ఎక్కడా లేదు.

"నా జీతం, నా కారు. నాకంటూ ఇష్టమైంది ఒక్కటి చేసుకోకూడదా పిన్నీ?" అన్నాడు చివరికి.

జవాబు చెప్పలేకపోయాను. ఆ చక్రాల్లో నా పాతికవేలు తిరుగుతున్నాయి మరి!

వాడు ఇచ్చిన పాఠంలోనే జవాబు ఉందని తర్వాత తోచింది. చక్రం పైన ఆ ఖాళీ ఎందుకూ? గతుకు వచ్చినప్పుడు చక్రం పైకి లేవాలి. లేవడానికి చోటు కావాలి. చోటు తగ్గిస్తే స్ప్రింగుని గట్టిచెయ్యక తప్పదు, లేకపోతే లోపలి రబ్బరు దిమ్మకి వెళ్లి కొట్టుకుంటుంది. గట్టి స్ప్రింగు ఏం చేస్తుంది? చక్రానికి తగిలిన దెబ్బని తను మింగకుండా మనిషికి అందిస్తుంది. వాడి కంటికి పొట్టి పంట్లాంలా కనబడిన ఆ నాలుగు వేళ్ల ఖాళీ, నిజానికి మా అమ్మ కూర్చునే చోటు. సీటు మీద కాదు, ఆవిడ అక్కడ కూర్చునేది!

ఇలా వాడికి నీతులు చెప్పబోతుంటే నా సంగతి నాకు గుర్తొచ్చింది. పన్నెండేళ్ల కిందట ఒక సీరియల్ రాస్తూ, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా గది తలుపు వేసుకునేదాన్ని. ఇల్లంతా మునివేళ్ల మీద నడిచేది. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్లు. ఏదైనా కావలసివస్తే చీటీ రాసి తలుపు కిందనించి తోసేది. "అమ్మా, జడ వెయ్యవూ" అని ఒక చీటీ. "పన్ను ఊడింది" అని ఒక చీటీ. అవి ఎంత ముద్దుగా ఉన్నాయో అని అందరికీ చూపించి మురిసిపోయాను. ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. పన్ను ఊడిన పిల్ల తలుపు అవతల నిలబడి ఉందన్న సంగతి మాత్రం అప్పుడు తట్టలేదు. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు మరి. "బంగారంలా ఉంది" అనే మనుషులే మా ఇంటినిండా!

ఆ నవల రాయకుండా ఉండవలసిందని ఇప్పటికీ అనను. మలుపులో ఒరగని కారు కావాలనుకోవడమూ తప్పు కాదు. మనకంటూ ఒక్క ఇష్టమైనా లేకుండా బతకమని ఎవరికి చెబుతాం? కానీ మన ఇష్టానికి ఖరీదు మనమే కడుతున్నామని అనుకుంటాం చూడండి, అక్కడే లెక్క తప్పుతోంది. మనల్ని ప్రేమించేవాళ్లు తమ వాటా చప్పుడు కాకుండా కట్టేస్తారు. అడిగితే చెప్పరు. అందుకని అడిగి ఊరుకుంటే చాలదు, చెయ్యి చూడాలి.

ఈ మాటలే వాడితో చెప్పాను, నా చీటీల కథతో సహా. ఏమీ అనలేదు. పాత స్ప్రింగులు నాలుగూ గోనెసంచిలో చుట్టి మెట్ల కింద పెట్టాడని అక్క చెప్పింది. నిన్న వాటిని బయటికి తీసి, దుమ్ము తుడిచి, మళ్లీ అక్కడే పెట్టాడట. వచ్చే శనివారం డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వాడేం చేస్తాడో చూడాలి.

ఇది రాస్తుండగా మా అమ్మాయి రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, నేను రాసుకోవడం చూసి వెళ్లిపోయింది. తలుపు తీసే ఉంది, అయినా లోపలికి రాలేదు. రెండోసారి కలం కింద పెట్టి, "ఏమిటే?" అన్నాను.

"ఏం లేదులే అమ్మా, రాసుకో" అంది.

లేచి వెళ్లాను.