సేనానుల విమర్శ: దాని విలువ, దాని పరిమితి

ఒక ప్రభుత్వం అన్యాయమైన యుద్ధం చేసింది. ఆ యుద్ధాన్ని నడిపిన సేనానులే తర్వాత ఆ ప్రభుత్వాన్ని దుయ్యబట్టారు. ఆ విమర్శను మనం ఎట్లా స్వీకరించాలి? కొందరు మిత్రులు దాన్ని యుద్ధవ్యతిరేక సాహిత్యంలో చేర్చి సంబరపడతారు. మరికొందరు "దొంగలు పంచుకోవటంలో తగాదాపడ్డారు" అని తోసిపారేస్తారు. ఈ రెండు వైఖరులూ తొందరపాటుతో కూడినవేనని నా అభిప్రాయం. 2003 నాటి ఇరాక్ యుద్ధాన్ని వుదాహరణగా తీసుకుని ఈ సమస్యను పరిశీలిస్తాను.

ముందు వస్తుస్థితి చూద్దాం. 2003 ఫిబ్రవరి 25న, అంటే దాడికి మూడు వారాల పైచిలుకు ముందు, అమెరికా భూసైన్యాధిపతి జనరల్ ఎరిక్ షిన్సెకీ సెనేట్ కమిటీ ముందు సాక్ష్యమిచ్చాడు. యుద్ధం ముగిశాక ఇరాక్‌ను అదుపులో వుంచాలంటే కొన్ని లక్షలమంది సైనికులు కావాలని అన్నాడు. రెండు రోజులకే రక్షణశాఖ వుపమంత్రి పాల్ వుల్ఫోవిట్జ్ ఆ అంచనా బొత్తిగా గురితప్పినదని కొట్టివేశాడు. దాడి చాలా చిన్న సైన్యంతోనే సాగింది. ఆక్రమణ తర్వాత ఆ దేశం బాగోగులు చూడవలసిన కార్యాలయం పుట్టినది 2003 జనవరిలో. యుద్ధానికి రెండు నెలల ముందు!

ఏప్రిల్ 9న బాగ్దాద్ పడిపోయింది. మర్నాటి నుంచి జాతీయ మ్యూజియం లూటీ అయింది. మానవజాతి మొదటి నగరాల జ్ఞాపకాలు, సుమారు 15 వేల వస్తువులు, పోయాయి. ఆస్పత్రులూ, కార్యాలయాలూ దోపిడీకి గురి అయ్యాయి. చమురు మంత్రిత్వశాఖకు మాత్రం సైనికుల కాపలా వుంది. మే నెలలో పరిపాలకుడుగా వచ్చిన పాల్ బ్రెమర్ ఒక వుత్తర్వుతో బాత్ పార్టీలో పైస్థాయివాళ్ళను వుద్యోగాల నుంచి తొలగించాడు. మరొక వుత్తర్వుతో ఇరాక్ సైన్యాన్నే రద్దు చేశాడు. తుపాకి పట్టటం తప్ప వేరే వృత్తి ఎరగని లక్షలాదిమంది ఒక్క సంతకంతో వీధిన పడ్డారు. తర్వాత జరిగిన ఘోరం లోకానికి తెలుసు.

2006 మార్చి, ఏప్రిల్ నెలల్లో పాల్ ఈటన్, జాన్ బటీస్ట్, ఆంథొనీ జిన్నీ మొదలైన రిటైర్డ్ జనరల్స్ అరడజను మంది రక్షణమంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ రాజీనామా చెయ్యాలని బహిరంగంగా కోరారు. ఇరాక్ కొత్త సైన్యానికి తర్ఫీదు ఇచ్చే పని ఈటన్ స్వయంగా చూసినవాడు. బటీస్ట్ అక్కడ డివిజన్‌ను నడిపినవాడు. యుద్ధకాలంలో బ్రిటిష్ సైన్యాధిపతిగా వున్న మైక్ జాక్సన్ 2007లో రమ్స్‌ఫెల్డ్ ధోరణిని బౌద్ధికమైన దివాలాగా వర్ణించాడు. ఇవి కళ్ళారా చూసినవాళ్ళ సాక్ష్యాలు. వీటి విలువను కాదనలేము.

కాని ఒక ప్రశ్న వేసుకోవాలి. షిన్సెకీ అడిగినంత సైన్యాన్నీ పంపారనుకుందాం. మ్యూజియానికీ, ఆస్పత్రులకూ కాపలా పెట్టారనుకుందాం. ఇరాక్ సైన్యాన్ని రద్దు చెయ్యలేదనుకుందాం. అప్పుడు ఆ యుద్ధం న్యాయమైనది అయివుండేదా? లేని మారణాయుధాలను సాకుగా చూపి మరొకరి దేశంలోకి చొరబడటం, పథకం బాగున్నంత మాత్రాన ధర్మం అవుతుందా? సేనానులలో ఎక్కువమంది అడిగినది "ఎట్లా చేశారు?" అని. "ఎందుకు చేశారు?" అన్నది వారి ప్రశ్న కాదు. వారిలో గ్రెగరీ న్యూబోల్డ్ వంటివాడు యుద్ధమే తప్పని రాశాడు. అయితే సర్వీసులో వుండగా ఆ మాట బాహాటంగా చెప్పనందుకు తానే విచారించాడు.

ఇది కొత్త సంగతి కాదు. అదే మెసొపొటేమియా గడ్డ మీద 1916 ఏప్రిల్ 29న కూత్ పట్టణంలో సుమారు 13 వేలమంది తుర్కులకు లొంగిపోయారు. వారిలో ఎక్కువమంది భారతీయులు. బ్రిటిష్ ప్రభుత్వం కమిషన్ వేసింది. 1917లో వచ్చిన నివేదిక రవాణా ఏర్పాట్లనూ, వైద్యసదుపాయాలనూ తీవ్రంగా విమర్శించింది. భారత వ్యవహారాల మంత్రి ఆస్టెన్ చేంబర్లిన్ రాజీనామా చేశాడు. ఇంత చేసినా, మన రైతుబిడ్డలు టైగ్రిస్ ఒడ్డున ఎవరి కోసం చావాలి అన్న ప్రశ్న ఆ కమిషన్‌కు తట్టలేదు. తట్టితే అది సామ్రాజ్యపు కమిషన్ కాకపోను.

అయితే రెండో పక్షంవారి మాట నిజమా? యుద్ధమే అన్యాయమైనప్పుడు పథకం వుంటే ఎంత, లేకపోతే ఎంత అంటారు వారు. ఇది పుస్తకాల ముందు కూర్చున్నవాడి వాదన. మందులు లూటీ అయిన ఆస్పత్రిలో బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ తేడా ప్రాణమంత తేడా. ఆక్రమించినవాడు ప్రజల భద్రతకు బాధ్యుడని 1907 నాటి హేగ్ ఒప్పందమే చెప్పింది. దాడి చెయ్యటం ఒక నేరం. చేసి ఆ జనాన్ని గాలికి వదిలెయ్యటం రెండో నేరం. మొదటిది పెద్దది గనక రెండోదాన్ని లెక్క పెట్టనక్కరలేదనటం న్యాయం కాదు.

అసలు విషయం ఇంకా లోతుగా వుంది. పథకం ఎందుకు లేకపోయింది? తెలివితక్కువ వల్లనా? కాదు. నిజమైన లెక్క చెబితే యుద్ధానికి జనం ఒప్పుకోరు. లక్షల సైన్యం, ఏళ్ళ తరబడి ఆక్రమణ, అంతులేని ఖర్చు అని ముందే చెప్పి ఏ ప్రభుత్వం యుద్ధాన్ని అమ్మగలదు? బుష్ ఆర్థిక సలహాదారు లారెన్స్ లిండ్సే 2002 సెప్టెంబరులో ఖర్చు 10 వేల కోట్ల నుంచి 20 వేల కోట్ల డాలర్ల దాకా కావచ్చన్నాడు. ఆ అంకె పాలకులకు రుచించలేదు. డిసెంబరులో ఆయన పదవి పోయింది. అందువల్ల ప్రణాళిక లోపం ఆ యుద్ధపు అన్యాయానికి వేరుగా వున్నది కాదు, దానిలోంచి పుట్టినదే. "ఎట్లా" అన్న ప్రశ్నను చివరిదాకా లాగితే అది "ఎందుకు" దగ్గరికే చేరుతుంది. సేనానులు ఆగిన చోట నుంచి మనం నడవాలి.

ఇది మనకు సంబంధించని గొడవ కూడా కాదు. చాలని సైనికులను వెతుక్కుంటూ అమెరికా మన గడప కూడా తొక్కింది. మన సైన్యాన్ని ఇరాక్‌కు పంపమని కోరింది. దేశంలో వచ్చిన వ్యతిరేకత నడుమ, ఐక్యరాజ్యసమితి ఆదేశం లేనిదే పంపబోమని 2003 జులై 14న భారత ప్రభుత్వం చెప్పింది. పంపివుంటే కూత్ కథకు మరో అధ్యాయం చేరేది.

చివరికి మిగిలేది చచ్చినవాళ్ళ లెక్క. మహాభారతం విజయంతో ముగియదు, స్త్రీపర్వం వుంది. అందులో ధృతరాష్ట్రుడు చనిపోయినవారి సంఖ్య ఎంత అని అడుగుతాడు. గెలిచిన ధర్మరాజు జవాబు చెప్పవలసి వస్తుంది. ఇరాక్ దాడిని నడిపిన జనరల్ టామీ ఫ్రాంక్స్ అంతకు ముందే, 2002లో అఫ్ఘానిస్థాన్‌లో, తాము శవాలను లెక్కపెట్టమని చెప్పాడు. అమెరికా సైనికులలో చనిపోయినవారి సంఖ్య పేర్లతో సహా తెలుసు. ఇరాకీల విషయంలో, 2006 జూన్ దాకా హింసకు బలి అయినవారు లక్షా 51 వేలమంది అని ఒక సర్వే, 6 లక్షలమంది అని మరొక సర్వే చెబుతున్నాయి. రెండు అంకెల మధ్య నాలుగున్నర లక్షల మనుషులు! వారు బతికారో చచ్చారో నిర్ణయించవలసిన అవసరం ఏ యుద్ధ మంత్రిత్వశాఖకూ కలగలేదు.

ఏ ప్రభుత్వపు యుద్ధపథకాన్నయినా, దాన్ని విమర్శించే సేనానినయినా, మనం అడగవలసిన మొదటి ప్రశ్న అదే: మీ లెక్కలో అవతలివాళ్ళు వున్నారా?