పులుసు ముక్క

అమెరికాలో డెట్రాయిట్ నగరాన్ని ఒరుసుకుంటూ ఒక నది పారుతుంది. అవతలి ఒడ్డు కెనడా. ఏప్రిల్ వస్తే చాలు, వాలై చేపల కోసం పడవలు బారులు తీరుతాయి. చీకట్లో వెలుగు పడితే పిల్లి కళ్ళలా మెరుస్తాయి దాని కళ్ళు.

ఆ నీళ్ళ చేపల్లో పాదరసం ఉందని 1970లో గగ్గోలు పుట్టింది. రసాయన కర్మాగారాల నిర్వాకం! నది చాలావరకు తేరుకుంది. అయినా ఏ చేప నెలకెన్నిసార్లు తినవచ్చో ప్రభుత్వం నేటికీ పట్టిక వేస్తుంది. పాదరసం కడుపులోని బిడ్డ మెదడుకే చేటు మరి.

ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. విషం కలిపినవాడు ఎవడో, లెక్క చూసుకోవలసింది మాత్రం వంటింట్లో ఆడది! సరదాకి పట్టేవాడు చేపను మళ్ళీ నీళ్ళలో వదిలేసి వెళ్ళిపోగలడు. కూర ఖర్చు కలిసొస్తుందని గట్టున గాలం వేసినవాడి ఇల్లాలి మాటేమిటి? నెల తప్పిన కూతురు, "ఇంకో ముక్క వెయ్యవే అమ్మా" అంటే, ఆవిడ గరిటె ఎక్కడ ఆపాలి?