ఏకరాత్ర నివాసము

మనుష్యుడు స్థిరముగా నివసింపదలచిన చోటును గూర్చి మన శాస్త్రములు విస్తారముగా విచారించినవి. దిక్కు, వాలు, మంటి రంగు, మంటి రుచి, నీటి జాడ, ఇవన్నియు చూచుకొని కాని శంకుస్థాపన చేయరాదని పెద్దలు నిర్ణయించిరి. మరి, ఒక్క రాత్రికై గుడారము వేసికొని, తెల్లవారగనే దానిని చుట్టి వీపున వేసికొని పోవు బాటసారికి ఆ నేలతో గల సంబంధమెట్టిది? అతడు దానిని కొనలేదు, కౌలునకు తీసికొనలేదు, మరునాటి రాత్రి అచట నుండడు. ఇచట దిగుదునని నిర్ణయించుకొను అధికారము అతనికెవరిచ్చిరి? ఇది యాత్రికుల సౌకర్యమునకు సంబంధించిన స్వల్పవిషయముగా పైకి తోచును గాని, ఆలోచించినకొలది ధర్మవిచారమునకు తగిన ప్రశ్నయేయని నా నమ్మకము.

కాశ్మీరమున సోనామార్గ్ వద్ద బయలుదేరి, నిచ్నయి కనుమ దాటి, విషన్‌సర్, గడ్‌సర్, సత్‌సర్ సరస్సుల మీదుగా హరముఖ పర్వతపాదముననున్న గంగబల్ చేరి, నారానాగ్ వద్ద దిగు కాలిబాట యొకటి కలదు. ఆ త్రోవలో ప్రతి సాయంకాలమును ఈ ప్రశ్న ఎదురగును. లోయ అడుగున నేల చదునుగా, మెత్తగా నుండి రమ్మని పిలుచును. కాని ప్రొద్దుక్రుంకిన పిదప చల్లనిగాలి బరువెక్కి పై వాలులనుండి జారి లోయలోనే నిలుచును గనుక, అచట పండుకొన్నవాని గుడారము తెల్లవారుసరికి మంచునీటితో తడిసియుండును. కొండవెన్ను మీద ఆ తేమ లేదు గాని గాలియు పిడుగును కలవు. సరస్సు గట్టు కంటికి స్వర్గము. అయినను రాత్రివేళ నీటికి వచ్చు జంతువులకు అదియే రేవు, మన పాత్రలు కడిగిన నీరు జారిచేరునదియు అందులోనికే. అందుచేతనే అనుభవజ్ఞులు నీటికి 200 అడుగుల దూరము విడిచి దిగుడని చెప్పుదురు. ఇట్లు ఒక్కొక్క చోటును త్రోసివేయుచు పోగా తుదకు మిగులునది లోయకు కొంచెము ఎగువగా, వెన్నుకు కొంచెము దిగువగా నుండు చిన్న మెట్ట. ధ్యానయోగి ఆసనము మిక్కిలి ఎత్తును, మిక్కిలి పల్లమును కారాదని, శుచియైన దేశమున నుండవలెనని భగవద్గీత విధించినది. ఆసనమునకు చెప్పిన ఆ నియమము ఈ పర్వతములలో శయనమునకును చెల్లుచున్నది.

అయితే ఇంతవరకు విచారించినది ప్రధానముగా మన క్షేమమునే. ఆ దేశమునకే చెందిన నీలమతపురాణము ఇంతకన్న లోతుగా పోవుచున్నది. కాశ్మీరమంతయు పూర్వము సతీసరస్సను మహాహ్రదమనియు, కశ్యపుని ప్రయత్నమున ఆ నీరు వెడలి నేల బయటపడినదనియు, అంతకు ముందునుండియే అందు నాగులు నివసించుచుండిరనియు ఆ గ్రంథము చెప్పును. తరువాత మనుష్యులు వచ్చిరి. వచ్చినంతమాత్రమున ఆ నేల వారిది కాలేదు. ఏడాదిలో ఆరు నెలలు మాత్రమే వారికి నివాసము. చలికాలము రాగానే ఇండ్లు పిశాచులకు విడిచిపోయి, చైత్రమున మరల రావలెను. చిరకాలమునకు చంద్రదేవుడను వృద్ధబ్రాహ్మణుడు వలసపోలేక వెనుక నిలిచిపోయి, నాగరాజగు నీలుని ఆశ్రయించి, అతడు విధించిన ఆచారములను స్వీకరించిన పిమ్మటనే సంవత్సరమంతయు నివసించు భాగ్యము జనులకు లభించెను. ఈ కథను భూమి పుట్టుపూర్వోత్తరముల జ్ఞాపకముగా చదువువారు కలరు. నాకు మాత్రము అందు కనబడు ప్రధానార్థము, నివాసమునకు మనకంటె ముందున్నవారి అనుజ్ఞ కావలెననుట. అచటి కాపరులగు గుజ్జరులు, బకర్వాలులు నేటికిని మందలతో వసంతమున పైకెక్కి, శరత్తున దిగుచున్నారు. పురాణము చెప్పిన నియమమును మంచు వారిచేత ఇప్పటికిని పాటింపజేయుచున్నది.

అనుజ్ఞ యనగానే పంచవటీ ఘట్టము స్ఫురించును. ఆ పంచవటి నాసికము చెంతదా, మన భద్రాచల ప్రాంతపు పర్ణశాలయేనా యను వాదము నాకిచట అవసరము లేదు, రెండును గోదావరీతీరములే. నీళ్లు దాపుగా, సమిధలు పుష్పములు దర్భలు దొరకునట్లుగా, ముగ్గురి మనస్సులును రమించునట్టి చోటు చూడుమని రాముడు తమ్మునితో ననెను. అడవిని అన్నకన్న తక్కువ యెరుగని లక్ష్మణుడు చేతులు జోడించి, తాను పరాధీనుడననియు, చోటు అన్నయే నిర్ణయింపవలెననియు విన్నవించెను. రాముడు సంతసించి, అతని చేయి తన చేత పట్టుకొని ఆ చోటు చూపెను. కుటీరము కట్టిన తరువాతనైన లక్ష్మణుడు ఊరకుండలేదు. గోదావరిలో స్నానముచేసి, తామరలు తెచ్చి, పుష్పబలియిచ్చి, యథావిధిగా శాంతి గావించెను.

శాంతి ఎవరికొరకు? దీనికి బౌద్ధుల వినయపిటకము నిర్మొగమోటముగా సమాధానము చెప్పినది. భిక్షువు తనకై కుటి కట్టుకొనదలచినపుడు సంఘమునకు చోటు చూపవలెను. ఆ నేల చీమలకు, చెదలకు, ఎలుకలకు, పాములకు, తేళ్లకు, పెద్ద మృగములకు నెలవు కాదనియు, కాడి కట్టిన బండి చుట్టు తిరిగిరాగలిగినంత ఖాళీ యున్నదనియు చూచి కాని సంఘము సమ్మతింపదు. కుటికి చెప్పిన విధిని గుడారమునకు అన్వయించుట అతిశయోక్తి యనుకొనువారు, అడుగుగుడ్డ పరచుటకు ముందు ఒకసారి మోకాళ్లమీద వంగి ఆ పచ్చికను చూడవలెను. వ్రేలిగోరంత పూవులు, ఎలుక బొరియ నోట తాజాగా తోడిన మన్ను, నిన్నటి మంద విడిచిన గొర్రెపెంటికలు, వాని నడుమ చీమల బారు కనబడును. మంచు కరగినది మొదలు మరల కురియువరకు గల కొలది నెలలలోనే మొలిచి, పూచి, విత్తనము రాల్చవలసిన మొక్కలవి. ఒకే చోట కొన్నిదినములు గుడారముంచినచో క్రింది గడ్డి పాలిపోవును.

నన్ను మిక్కిలి కలతపెట్టునది మరియొకటి. గడియ క్రితము ఆ చోటు ఎవరిదియు కాదు. మేకులు దిగి, త్రాళ్లు బిగిసి, చెప్పులు ద్వారమున విడిచిన తరువాత, ఆలస్యముగా వచ్చిన మరియొక బృందము దాపున మూటలు దింపినచో, మన చోటికి వీరెందుకు వచ్చిరన్న భావము మనస్సున మెదలును. ఇల్లు, పొలము, వంశము అను ఆధారములేవియు లేకుండగనే మమకారము పుట్టగలదనియు, దానికొక పూట చాలుననియు ఆ క్షణమున ప్రత్యక్షముగా తెలియును. పరివ్రాజకుడు పల్లెలో ఒక్క రాత్రికి మించి నిలువరాదని విధించిన స్మృతికారుల యుద్దేశము ఉత్తమమే. అయినను కాలమును తగ్గించినంతమాత్రమున మమకారము తగ్గునని నేను నమ్మజాలను. వచ్చినవారికి గాలిచాటు తానే చూపి, వారి త్రాటికి తానొక చేయి వేసినవానికి తగ్గును.

దేవుని సన్నిధియందు చోటును గూర్చి ఇంత విచారమెందుకు, ఆయనయే రక్షింపడా యని భక్తులు ప్రశ్నింపవచ్చును. 2022 జూలై 8వ తేదీ సాయంకాలము అమరనాథ గుహ సమీపమున హఠాత్తుగా వరద వచ్చి యాత్రికుల గుడారములను, లంగరులను, అనగా ఉచిత భోజనశాలలను, ఊడ్చుకొనిపోయినది. కనీసము 15 మంది మరణించిరి. వారి భక్తిని శంకించుట పాపము. శివుడు వారిని విడిచెననుటయు నాకు సమ్మతము కాదు. వాగునకు తన త్రోవ యున్నది, ఆ త్రోవయు ఆయన ఏర్పరచినదే. మంచులింగమును మాత్రమే శివునిగా చూచి, దాని చెంతనున్న ఎండినవాగును ఖాళీ స్థలముగా చూచు అలవాటు మన భక్తిలో ఎచటనో ప్రవేశించినది. శివుని అష్టమూర్తియని కొలుచువారికి నీరును నేలయు ఆయన మూర్తులేయని వేరుగ చెప్పవలసివచ్చుట విచారకరము.

2018లో ఉత్తరాఖండ ఉన్నత న్యాయస్థానము బుగ్యాలులలో, అనగా అచటి ఎత్తైన పచ్చికబయళ్లలో, రాత్రి విడిదిని నిషేధించినది. నేనంతదూరము పోను, కొండలమీద ఒక రాత్రియు గడపని తరము కొండలను కాపాడునని నాకు తోచదు. ఇదివరకే అరిగిన నేలమీద దిగుట, గుడారము చుట్టు కాలువ త్రవ్వకుండుట, బరువునకుంచిన రాళ్లను ఎచటివి అచట పెట్టిపోవుట మన చేతిలోని పనులే. దాపున కాపరుల ఢోకు, అనగా వేసవి గుడిసె, ఉన్నయెడల మూట దింపకముందే అచటి పెద్దను అడుగవలెను. గుర్రములు రాత్రి ఏ దారిని నీటికి దిగునో, ఏ వాలునుండి రాళ్లు జారునో, ఏ గడ్డిని రేపటి మేతకై విడిచియుంచిరో అతనికి తెలియును. అతడు వలదన్న చోటు మనకెంత నచ్చినను విడువవలెను. నీలుడు విధించిన ఆచారములలో నేడు దీనిని చేర్చదగునని నా అభిప్రాయము. ఏలయన ఆ నేలమీద తరతరములుగా వేసవి గడపుచున్నవానిని పలుకరింపక, పటము చూచి దిగువారు నానాటికి పెరుగుచున్నారు.