ఉచిత వైద్యానికి ఖరీదెంత?

గుమ్మలక్ష్మీపురం కొండల మీద కొన్ని ఊళ్లకి అంబులెన్స్ ఎక్కదు. నెలలు నిండిన మనిషిని డోలీలో మోసుకు దిగాలి. అందుకే పార్వతీపురం ఐటీడీఏ 2018లో సాలూరులో గర్భిణుల వసతి గృహం తెరిచింది, తర్వాత గుమ్మలక్ష్మీపురంలోనూ. కాన్పుకి ముందే వచ్చి ఉండొచ్చు. తిండి, పరీక్షలు అక్కడే. ప్రాణాలు నిలబెట్టే ఆలోచనే, సందేహం లేదు.

కానీ అన్నాళ్లూ ఇంటి దగ్గర మిగతా పిల్లల్ని ఎవరు చూస్తారు? పోడులో కలుపు ఎవరు తీస్తారు? రోడ్డు వెయ్యని లోటుని ఆమె తన రోజులతో పూడుస్తోంది. రానంటే మాత్రం “వాళ్లకి అవగాహన లేదు” అనేస్తాం. ఆమె లెక్క ఆమెకుంది. ఉచితం అన్నంత మాత్రాన ఖర్చు లేనట్టు కాదు. అది ఎవరి మీద పడిందన్నదే అసలు ప్రశ్న. వసతి గృహం ఉండాల్సిందే. రోడ్డు బాకీ మాత్రం దాంతో తీరదు.