ఎన్నికల చందా: దానమా, ఋణమా?

ఒకరివలన మేలు పొందినవాడు ఆ మేలును మరువరాదని మన యిండ్లలో పసితనమునుండియు నేర్పుదురు. కృతఘ్నతకు మించిన దోషము లేదని పెద్దలు చెప్పుదురు. మరి ప్రజలచే ఎన్నుకొనబడిన ప్రతినిధి, తన యెన్నికకు ధనసాహాయ్యము చేసినవానియెడల కృతజ్ఞుడై యుండుట గుణమా, దోషమా? అమెరికా దేశమున ఈ ప్రశ్న నూరేండ్లకు పైగా శాసనసభలలోను న్యాయస్థానములలోను నలుగుచున్నది. దీనిని ధర్మప్రశ్నగా కొంత విచారింప దలచినాము.

అక్కడి పద్ధతి ముందు తెలిసికొనవలెను. ప్రతినిధిసభ సభ్యుని పదవీకాలము రెండేండ్లు మాత్రమే. మన దేశమున అభ్యర్థిని పార్టీ నిర్ణయించును. అక్కడ పార్టీ అభ్యర్థి యెవరో కూడ సాధారణముగా ప్రాథమిక ఎన్నికలో ఓటర్లే తేల్చుదురు. కనుక ఒక్క పదవికి రెండుమార్లు పోటీ, రెండుమార్లు ధనసేకరణ. టెలివిజన్ ప్రకటనలకు, ఉద్యోగుల జీతములకు, ఊరూర తిరుగుటకు అగు ధనమును అభ్యర్థి చాలవరకు స్వయముగా అడిగి తెచ్చుకొనవలసినదే. ప్రభుత్వ భవనములలో కూర్చుండి చందా లడుగరాదని చట్టము కలదు. అందుచేత సభ్యులు కార్యాలయము వెడలి, సమీపముననున్న తమ పార్టీవారి భవనమునకు పోయి, అచట టెలిఫోను ముందు కూర్చుండి, దాతల పేర్ల పట్టిక చేతబట్టి వరుసగా పలుకరించుచుందురు. వీధి దాటినంతనే శాసనకర్త యాచకు డగుచున్నాడు.

దీనిని అదుపులో నుంచుటకు ప్రయత్నములు జరుగకపోలేదు. 1907లో వ్యాపార సంస్థలు అభ్యర్థులకు నేరుగా విరాళము లిచ్చుటను నిషేధించిరి. వాటర్‌గేట్ కుంభకోణము పిమ్మట 1974లో, ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి ఒక యెన్నికలో 1,000 డాలర్లకు మించి యీయరాదనియు, అభ్యర్థుల వ్యయమునకును హద్దు ఉండవలెననియు శాసించిరి. 1976లో బక్లీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ రెంటిని విడదీసినది. ఇచ్చుటపై పరిమితి చెల్లును, వ్యయముపై చెల్లదు. ధనము లేనిదే పదిమందికి మాట చేర్చుట యీ కాలమున అసాధ్యము గనుక, వ్యయమును తగ్గించుట వాక్కును తగ్గించుటయే యని వారి తర్కము. 2010లో సిటిజెన్స్ యునైటెడ్ తీర్పు, అభ్యర్థితో సంప్రదింపక చేయు వ్యయమునకు వ్యాపార సంస్థలకును అడ్డు తొలగించినది. ఆ యేడే సూపర్ పాక్ అను సంఘములు వెలసినవి. 2025-26లో ఒక వ్యక్తి అభ్యర్థి చేతికి ఈయదగినది ఎన్నికకు 3,500 డాలర్లు. అదే వ్యక్తి ఆ యభ్యర్థి గెలుపునకై ప్రకటనలు చేయు సంఘమునకు కోట్ల డాలర్లు ఇచ్చినను ఆటంకము లేదు.

న్యాయమూర్తుల మాటలకంటె ఒక వృత్తాంతము మాకు ఎక్కువ బోధించినది. చార్లెస్ కీటింగ్ అను వ్యాపారి కాలిఫోర్నియాలో లింకన్ సేవింగ్స్ అను పొదుపు సంస్థను నడపెను. ఐదుగురు సెనేటర్ల యెన్నికల నిధులకును, వారికి సంబంధించిన రాజకీయ సంస్థలకును కలిపి సుమారు 13 లక్షల డాలర్లు సమకూర్చెను. ప్రభుత్వపు పరీక్షాధికారులు ఆ సంస్థ లెక్కలు తీయుచుండగా, 1987 ఏప్రిల్ నెలలో ఆ యైదుగురును అధికారులను పిలిపించి, ఇంత తడవు ఏల యని ప్రశ్నించిరి. మీ ధనము వారిని కదలించినదా యని పిమ్మట అడిగినప్పుడు, కదలించినదనియే తాను ఆశించుచున్నానని కీటింగ్ దాపరికము లేక చెప్పెను. ఇందు లంచ మేది? ఇంత యిచ్చిన ఇంత చేయుదునని ఎవరును పలుకలేదు. మేలు పొందినవారు మేలు చేసినవాని కష్టకాలమున పలికినారు, అంతే. మన వీధిలో జరిగినచో మంచితన మనియే అందుము.

2014లో మెకచియన్ తీర్పులో ఆ కోర్టే, దాతలయెడ అభ్యర్థికి గల సామాన్య కృతజ్ఞతను చట్టము తాకరాదని స్పష్టముగా చెప్పినది. మాటకు మాటగా జరిగిన బేరమే అవినీతి, తక్కినది కాదు. దీనిని వెంటనే తప్పుపట్టుట మాకు సులభము కాదు. ఈ సంచికనే చూడుడు. వర్తకుల ప్రకటనలు లేనిచో ఈ వ్యాసము అచ్చగుట యెట్లు? పరరాష్ట్రమున తరములుగా స్థిరపడిన మనవంటి అల్పసంఖ్యాకులకు చందా పుస్తకమే నోరు. ఉత్సవమునాడు ఎక్కువ యిచ్చినవారిని ముందు వరుసలో కూర్చుండబెట్టి పూలమాల వేయుదుము.

అయినను ఒక భేదము కలదు. దేవాలయ ధర్మకర్తకు ఒకరు ఆపదలో సాయపడినచో, ఆయన తన యింటికి పిలిచి విందు చేయవచ్చును, తన పొలము పంటలో పంచవచ్చును. దేవుని మాన్యములోని పంట కొలిచి యిచ్చినచో దానిని ఎవరును కృతజ్ఞత యనరు. ప్రతినిధి చేతిలోని ఓటు, అధికారిని పిలిపించు పలుకుబడి, పగటిపూట గంటలు, ఇవన్నియు ప్రజలు అప్పగించినవి. తనది కానిదానితో ఋణము తీర్చుకొను హక్కు ఆయనకు లేదు. కోర్టు బేరమును వెదకినది. సొత్తు ఎవరిదో అడుగలేదని మా అభిప్రాయము.

ఋణము ఒక్కరికే పడకుండ పలువురికి పంచుట ఒక యుపాయము. సియాటిల్ నగర ప్రజలు 2015లో ఆమోదించిన పద్ధతిలో, ప్రతి ఓటరుకును నగరమే 25 డాలర్ల చీట్లు నాలుగు ఇచ్చును; ఇష్టమైన స్థానిక అభ్యర్థికి వానిని ఈయవచ్చును. పేదకును దాతయగు భాగ్యము కలిగినది. కాని దూరపు ఓటర్లనుండి చిన్న చందాలు రాబట్టుటకు కేకలు, కోపములు మేలుగా పనిచేయునని కొందరు అభ్యర్థులు కనుగొనిరి. అది వేరొక దోషము. మన దేశమున 2018నుండి నడచిన ఎన్నికల బాండ్లు దాత పేరు ప్రజలకు తెలియనీయలేదు. 2024 ఫిబ్రవరి 15న మన సుప్రీంకోర్టు వానిని కొట్టివేసినది. మేలు చేసినవా డెవడో ప్రజలకు తెలియకున్నను, పుచ్చుకొన్నవాడు తెలిసికొనకుండునా?

కీటింగ్ సంస్థ 1989లో కూలినది. దాని శాఖలలోనే అమ్మిన మాతృసంస్థ బాండ్లు కొని, 20,000 మందికి పైగా తమ సొమ్ము పోగొట్టుకొనిరి. వారిలో పెక్కుమంది వృద్ధులు, కాలిఫోర్నియావారు. ఆ యైదుగురిలో ఒకరు ఆ రాష్ట్రపు సెనేటరే. 1991లో సెనేట్ నీతిసంఘము ఆయనను మందలించినది. మరొకరైన జాన్ మెకెయిన్, తాము అట్లు కలిసి పోవుట చూచువారికి తప్పుగా తోచునదే యని ఒప్పుకొని, 2002లో చందాల సంస్కరణ చట్టమునకు కర్త లలో ఒకడయ్యెను. 1987 నాటి ఆ గదిలో వృద్ధుల పక్షమున ఉన్నవారు పరీక్షాధికారులు మాత్రమే. వారినే సెనేటర్లు ఆ దినమున సంజాయిషీ అడుగుచుండిరి.