అభిప్రాయమా, సాక్ష్యమా?

శాస్త్ర గ్రంథములను గూర్చి సామాన్య పాఠకుడు అభిప్రాయము చెప్పవచ్చునా? చెప్పినచో దాని విలువ యెంత? ప్రశ్న చిన్నదిగా తోచినను ఇందొక ధర్మసూక్ష్మ మిమిడియున్నదని మాకు ఈ మధ్యనే తెలిసివచ్చినది.

మేము మెట్రిక్యులేషన్ మాత్రము చదివి, బరంపురములో లెక్కల గుమాస్తాగా పనిచేసి విరమించినవారము. స్టీఫెన్ హాకింగ్ 1988లో ప్రకటించిన ‘ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్’ అను గ్రంథమును నిఘంటువు ప్రక్కన నుంచుకొని చదివితిమి. సమీకరణ మొక్కొక్కటి చేర్చిన కొలది కొనువారు సగమగుదురని ఎవరో హెచ్చరింపగా, ఆయన ఐన్‌స్టీన్ సమీకరణ మొక్కదానినే నిలిపెనట. చదువుట ముగించి, పఠనాలయములోని అభిప్రాయముల పుస్తకమున “అమోఘము, అందరును చదువదగినది” అని వ్రాసి సంతకము చేసితిమి.

కొన్నాళ్లకు మా మనుమరాలు దానిని చూచి, “తాతయ్యా, కాలానికి మొదలుందంటారు కదా, మరి ఆ మొదలుకి ముందు ఏముండేది?” అని అడిగినది. దక్షిణ ధ్రువమునకు దక్షిణమున నేమున్నదని అడుగుట వంటిదే యీ ప్రశ్న యని, హాకింగ్ చెప్పిన ఉపమానమునే ఒప్పగించితిమి. “అది నిజమని మీకెలా తెలిసింది?” అని మరల అడిగినది. మేము నిరుత్తరుల మైతిమి.

కచేరీలో బిల్లుపై “సరిచూడబడినది” అని వ్రాసి, చూడకయే సంతకము చేయుట అపరాధము. అభిప్రాయమును సంతకమే కదా! అర్థము కాని అధ్యాయములకును మేము సంతకము చేసితిమి. ఇట్టివారము మే మొక్కరమే కాము. 2014లో జోర్డాన్ ఎల్లెన్‌బర్గ్ అను గణితవేత్త, పాఠకులు గీతలు గీచుకొన్న పుటలను బట్టి వినోదార్థ మొక లెక్క గట్టి, ఈ గ్రంథము నూటికి 6.6 పాళ్లే చదువబడుచున్నదని అంచనా వేసెను. తోడు దొరికినంత మాత్రమున తప్పు ఒప్పగునా?

అట్లయిన సామాన్యుడు నోరు మెదపరాదా? అది మా మతము కాదు. ఖజానావారు పంపిన మొత్తమును మేము నాణెములు లెక్కింపకయే పద్దు వ్రాసెడివారము; కాని “ఖజానా లెక్క ప్రకారము” అని చేర్చెడివారము. నమ్ముట దోషము కాదు, నమ్మకమును జ్ఞానమని చూపుట దోషము. ఆ నమ్మకమునకైనను ఆధారముండవలెను. విశ్వము సంకోచించునప్పుడు కాలము వెనుకకు నడచునని తాను తొలుత తలచితినని, అది పొరపాటని సహచరుడును శిష్యుడును చూపగా అంగీకరించితినని హాకింగ్ ఆ గ్రంథముననే వ్రాసెను. తన లెక్కను ఇతరులు తనిఖీ చేయనిచ్చువాని మాట నమ్మదగినది. తప్పు నొప్పుకొనుటకు అంతటివాడు వెనుదీయనప్పుడు, గుమాస్తాకేమి సంకోచము?

మన కుటుంబములకు ఇది మరింత ముఖ్యము. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు మున్నగువారు విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి, శాస్త్రమును తెలుగున చెప్పవచ్చునని నిరూపించిరి. మన పిల్లలు బడిలో ఒడియాయు ఆంగ్లమును చదువుదురు. తెలుగు మన నోటనే వినుచున్నారు. ఆ నోట వట్టి పొగడ్తలే వినవచ్చినచో, తెలుగు పొగడ్తకే గాని విచారమునకు పనికిరాదని వారు తలపరా?

మేము మరునాడు పఠనాలయమునకు పోయి, పూర్వపు వ్రాతను కొట్టివేయక, దాని క్రింద నిట్లు చేర్చితిమి: “మొదటి మూడధ్యాయములు కొంతవరకు బోధపడినవి. నాల్గవది మొదలు గ్రంథకర్త మాట ప్రకారము. తెలిసినవారు మాకు చెప్పవలెనని ప్రార్థన.” మనుమరాలు చదివి, “నాల్గోది ఇద్దరం కలిసి చదువుదాం తాతయ్యా” అన్నది. ఇప్పుడు ఆదివారములందు మేమిరువురమును ఆ అధ్యాయమునందే యున్నాము.